ఒక్క మెతుకు చూస్తె ఎప్పుడు సాలుతది, ఎప్పుడు సాలదు

రెండేండ్ల కింద మా చిన్నమ్మ బిడ్డ పెండ్లి నర్సంపేట దిక్కు మా ఊర్లనే అయింది. ఇంటెనుక కట్టెల పొయ్యి మీద పెద్ద గుండిగల అన్నం ఎక్కిచ్చిన్రు, నేను వంటాయన పక్కనే నిలబడి చూస్తున్న. ఇంట్ల మా అమ్మ అయితె గంటెతోని నాలుగు మెతుకులు తీసి రెండేళ్ల నడుమ నలిపి చూసి ఎంటనే గంజి వంచుతది. ఈయన అట్ల చేయలే. పొడుగు గంటె తీస్కొని ముందుగాల నడుమల నుంచి కొంచెం తీసిండు, తర్వాత అంచు పొంటి తీసిండు, తర్వాత గంటె లోపటికి దించి అడుగు నుంచి తీసిండు, మూడు తీర్ల మెతుకులు ఇస్తరాకు మీద పక్కపక్కకు పెట్టి ఒక్కొక్కటి నలిపిండు. అడుగుది మెత్తగ ముద్దయింది, నడుమది మంచిగుంది, మంట సరిగ తాకని దిక్కు అంచుది నలిపితె లోపట తెల్లగ పలుకు. "ఒక్క మెతుకు చూస్తె సాలంటరు గద కాకా" అన్న. "ఇంట్ల గిన్నెకు సాలుతది బిడ్డా, ఇది గుండిగ, ఒక్కో దిక్కు ఒక్కో అన్నం ఉంటది" అని రెండు కట్టెలు అటు దిక్కు జరిపిండు.

నేను హన్మకొండల డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్త. శాంపిల్ గురించి నేను రెండు క్లాసులు తీస్కొని చెప్పేది ఆయన ఒక్క ముక్కల చెప్పిండు, అప్పటి సంది ఇది రాయాలె రాయాలె అనుకుంటున్న. ఎందుకంటె కొన్నిటిని చూసి అన్నిటి మీద మాట అనుడు మనం పొద్దున లేసిన కాడి నుంచి చేసే పనే. "ఆ షాపుల సామాను మంచిగుండది", "గా ఊరోళ్లు పైస ఇడువరు", "ఇంగ్లిష్ మీడియం పిల్లలకే జాబులొస్తయి", ఇసొంటివి దినాం పది అంటం, ఇరవై ఇంటం. పాత పండితులు దీనికి స్థాలీపులాక న్యాయం అని పేరు పెట్టిన్రు, స్థాలి అంటె వంట కుండ, కుండల ఒక్క మెతుకు పట్టి చూసి మొత్తం అన్నం సంగతి చెప్పుడు. ఆ న్యాయం తప్పు కాదు. దాన్ని ఏడ వాడాలె, ఎట్ల వాడాలె అన్నది మాత్రం మనకు ఎవలు కూసోబెట్టి నేర్పరు, నాకు తెలిసిన కాడికి చెప్త.

"అసలు జనరలైజ్ చేయొద్దు" అనేటోళ్లు కొందరుంటరు, వాళ్ల మాట పట్టించుకోకున్రి. చేయకుంట బతకలేం. నిప్పు కాలుతదని ప్రతి నిప్పును ముట్టుకొని చూడం. కట్లపామును ఇదివరకు ఎన్నడు చూడనోడు గూడ పాము కనబడంగనే ఎనుకకు జరుగుతడు, అది మంచిదే. పాములల్ల చానా జాతులకు విషమే లేదు, మన చేన్లల్ల తిరిగే జెర్రిపోతుకు లేదు, చెరువులల్ల ఉండే నీరుకట్టెకు లేదు, అంటె "పాములన్నీ విషమే" అన్న మాట తప్పు. కాని "పాము కనబడితె దూరం జరుగు" అన్న పద్ధతి ఒప్పు, ఎందుకంటె తప్పైతె పోయేది రెండడుగులు నడిచిన కష్టం, ఒప్పైతె మిగిలేది ప్రాణం. ఈ తేడా గుర్తుంచుకోవాలె. ఒక మాట నిజమా అన్నది వేరే ప్రశ్న, ఆ మాట మీద నడుచుకుంటె లాభమా అన్నది వేరే ప్రశ్న. రెండిటిని కలిపేస్తె ఆడ్నే గడబిడ మొదలైతది.

గిన్నెనా, గుండిగనా

ఏ మాటనన్నా "అందరు గంతే" అనే ముందు ఫస్టు అడగాల్సింది ఇదే. మనం చూసిన మెతుకు, చూడని మెతుకులు ఒకే నీళ్లల్ల, ఒకే మంట మీద, కలుపుకుంట ఉడికినయా?

డాక్టర్ రాసిచ్చిన రక్త పరీక్షకు పోతె ఒక్క చిన్న సీసాడు తీస్తరు, ఒంట్ల సుమారు 5 లీటర్ల రక్తం ఉంటది, అయినా ఆ కొంచెమే సాలుతది. ఎందుకు? గుండె దినమంత దాన్ని తిప్పుతనే ఉంటది, అన్నిటికంటె మంచిగ కలిపిన గిన్నె అదే. అదే పత్తి బండి ఏస్కొని పోయిన్రనుకోన్రి, తేమ చూసేటోళ్లు మీటర్ను ఒక్క దగ్గర గుచ్చి ఇడిసిపెడితె లాభం లేదు, పైన ఎండకు ఆరి ఉంటది, లోపట పొద్దటి మంచుకు పదనుగ ఉంటది. సర్కారు తరఫున పత్తి కొనే సీసీఐ వాళ్లకు 8 శాతం దాకనే ఫుల్ రేటు, 12 దాటితె తీస్కోరు, కాబట్టి ఏడ గుచ్చిన్రు అన్నదాని మీద రైతు పైసలు ఆధారపడి ఉంటయి. నాలుగు దిక్కుల గుచ్చమని అడగాలె, అడుగుడు తప్పేం కాదు.

గిన్నె అనుకున్నది గుండిగ అయితె ఎంత పని జరుగుతదో చెప్పడానికి మన సికింద్రాబాద్ల జరిగిన కథ ఒకటి ఉంది. రొనాల్డ్ రాస్ అని మిలిటరీ డాక్టర్, దోమల తోని మలేరియా వస్తదా రాదా అని 1895 నుంచి దోమలను కోసి కోసి సూక్ష్మదర్శినిల చూసిండు. దాదాపు రెండేండ్లు ఏం దొరకలే. మలేరియా ఉన్నోళ్లను కుట్టిచ్చిన దోమల్లనే చూస్తుండు, అయినా ఏం లేదు. ఎందుకంటె ఆయన పట్టుకున్నవి వేరే జాతి దోమలు. 1897 ఆగస్టుల రెక్కల మీద మచ్చలున్న దోమలు దొరికినయి, వాటిని రోగిని కుట్టిచ్చి ఆగస్టు 20 నాడు కోసి చూస్తె కడుపు గోడల మలేరియా క్రిమి కనబడ్డది. అవి అనాఫిలిస్ దోమలు. 1902ల ఆయనకు నోబెల్ వచ్చింది. ఇప్పుడు ఆలోచించున్రి, "దోమ అంటె దోమనే, ఇన్ని చూసినం, ఏ దాంట్ల లేదు" అని 1897 జులైల ఆపేసి ఉంటె ఎన్ని వందల దోమలు చూసినా ఆయన తప్పుకే వచ్చేటోడు. లెక్క తక్కువై కాదు, గుండిగల ఒక్క మూలకెల్లే తీస్తున్నడు కాబట్టి. నేను క్లాసుల ఈ ముచ్చట చెప్పిన ప్రతిసారి పిల్లలు శాంపిల్ సైజు ఎంత అని అడుగుతరు, నేను వాళ్లకు మళ్ల మళ్ల ఇదే చెప్త, ఎన్ని అన్నదానికంటె ముందు ఏడికెల్లి అన్నది అడుగున్రి అని.

ఇంటి పక్కన కూడ ఇదే. "దోమలు డెంగీ తెస్తయి" అంటం, అందరం ఒప్పుకుంటం, కాని తెచ్చేది ఏడిస్ జాతి, అందుల ఆడది, అందుల ఒంట్ల వైరస్ ఉన్నది మాత్రమే, అది ఎక్కువ పగటిపూట కుడతది. మన తెలుగుల "దోమలు తెస్తయి" అన్నప్పుడు అన్ని దోమలా, కొన్ని దోమలా, ఏదో ఒక్కటా అని చెప్పే అవసరమే రాదు, వాక్యం అట్ల నడిచిపోతది. భాషల ఉన్న ఈ సులువే మనల్ని మోసం చేస్తది. అందుకే ఒక చిన్న అలవాటు చేసుకోన్రి, అసొంటి వాక్యం నోట్లకు రాంగనే దాని ముందట "అన్ని", "చానా మట్టుకు", "కొన్ని", "నేను చూసినవి" ఈ నాలుగిట్ల ఒకటి పెట్టి చూడున్రి. ఏది పెడితె మీరు పైసలు పందెం కాయడానికి తయారుగుంటరో అదే మీ అసలు మాట.

ఆ మెతుకు మీ చేతికి ఎట్లొచ్చింది

ఇది ఇంకా గట్టి ప్రశ్న, నా లెక్కల అన్నిటికంటె ఎక్కువ తప్పులు ఈడ్నే జరుగుతయి.

మిర్చి అమ్మినోళ్లకు జెండా పాట తెలుసు. మార్కెట్ల పొద్దున మంచి సరుకు ఒకటి చూసి పాట పెడతరు, ఆ దినం ఎక్కువల ఎక్కువ రేటు అదే అయితది, సాయంత్రం వార్తలల్ల, వాట్సాపులల్ల తిరిగేది గూడ అదే. ఊర్ల కూసున్నోడు దాన్ని చూసి "మిర్చికి ఇయ్యాల గింత పలికింది" అనుకుంటడు. కాని అది గుండిగల అన్నిటికంటె మంచి మెతుకు, ఏరి తీసి పెట్టింది. తేమ ఉన్నది, తాలు కలిసింది, రంగు తగ్గింది, వీటన్నిటికి కిందికి కిందికి పోతది. మా బాపు ఇప్పుడు జెండా పాట అడగడు, నిన్న పోయొచ్చిన నలుగురైదుగురిని "నీకెంత కట్టిచ్చిన్రు, నీది ఏ రకం" అని అడుగుతడు. అది సరైన పద్ధతి. పై రేటు కాదు, మనసొంటి సరుకుకు నడిమి రేటు ఎంత అని.

కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు కూడ అంతే. హన్మకొండ చౌరస్తాల నిలబడి తలెత్తితె ఎటు చూసినా ర్యాంకులు, నవ్వుకుంట పిల్లల ఫొటోలు. ఆ ఫ్లెక్సీ మీద లేని పిల్లలు ఎంతమంది, వాళ్లేమైన్రు అన్నది ఆడ రాసి ఉండదు. నా క్లాసుమేటు ఒకడు అసొంటి ఫ్లెక్సీ చూసే రెండేండ్లు, ఇంట్ల ఎకరం అమ్మిన పైసలు పెట్టిండు. వాడు మంచిగ చదివేటోడు, ఇప్పటికి గుర్తొస్తె నాకు బాధైతది. ఫీజు కట్టే ముందు అడగాల్సింది "ఎన్ని ర్యాంకులొచ్చినయి" అని కాదు, "ఎంతమంది చేరితె అన్ని వచ్చినయి" అని. కింద ఉండాల్సిన అంకె చెప్పకుంట పైన అంకె ఒక్కటే చెప్తె అది లెక్కనే కాదు.

ఇగ మూడోది మన సొంత జ్ఞాపకం. అది గూడ ఒక ఫ్లెక్సీనే, పెద్దగ తాకినయి మాత్రమే ఎక్కుతయి. మా దోస్తు ఒకాయన కాజీపేటల బండెక్కి దినాం డ్యూటీకి పోతడు, "ఆ బండి ఎప్పటికీ లేటే" అంటుండె. జేబుల చిన్న నోట్‌బుక్ పెట్టుకొని నెల దినాలు రాయమన్న, వచ్చిన టైమ్, రావాల్సిన టైమ్, గంతే. నెల అయినంక చూస్తె లేటైన దినాలు మూడో వంతు గూడ లేవు. టైమ్‌కు వచ్చిన దినం ఏం గుర్తుంటది, ఎక్కి కూసుంటం, మర్చిపోతం. లేటైన దినం ఆఫీసుల మాట పడాలె, అది గుర్తుంటది. మీకు "ఎప్పుడు గింతే" అనిపించే ముచ్చట ఏదన్నా ఒకటి తీస్కోన్రి, ఇంటి కరెంటో, పక్కింటాయన తీరో, మీ కొడుకు చదువుడో, నెల దినాలు రాయున్రి, రెండు దిక్కులదీ రాయాలె, అయిన దినం కూడ, కాని దినం కూడ. ఒక్క దిక్కుదే రాస్తె ఆ నోట్‌బుక్ అవుతల పారేసినట్టే.

ఎన్నిసార్లు చూస్తె నమ్మాలె అని అడుగుతరు కాబట్టి దానికి గూడ ఒక చిన్న సూత్రం చెప్త, లెక్కలోళ్లు వాడేదే. ఒక పనిని 30 సార్లు చూసినం, 30కి 30 మంచిగనే అయింది, ఒక్క తప్పు రాలే. అంటె తప్పు లేనే లేదని కాదు. 3ని మనం చూసిన సార్లతోని, అంటె 30తోని భాగిస్తె 10 శాతం, అంటె నిజానికి పదింట్ల ఒకటి దాక తప్పు జరిగేదే అయినా మనకు ఇంకా కనబడకపోయి ఉండొచ్చు. 100 సార్లు చూసి ఒక్కటి రాకుంటె 3 శాతం దాక. 95 శాతం భరోసాతోని చెప్పే మాట ఇది. ఐదే సార్లు చూసినప్పుడు ఈ సులువు సూత్రం సరిగ పట్టదు, అసలు లెక్క కడితె 45 శాతం దాక పోతది, అంటె ఐదు సార్లు మంచిగైనా ఇంచుమించు సగం సార్లు చెడిపోయే పని అయి ఉండొచ్చు. మనం రెండు సార్లకే తీర్పు ఇస్తం! ఇదంత మళ్ల గుండిగను కలిపి తీసినప్పటి మాటనే, ఒక్క మూలకెల్లి తీస్తె 1000 సార్లు చూసినా ఈ సూత్రం పనికిరాదు.

నాలుగు గళ్లు గీయున్రి

మా ఊర్ల పాము మంత్రం ఏసే ఆయన ఒకాయన ఉంటుండె, చనిపోయి చానా దినాలైంది, మంచి మనిషి, పైస తీస్కోకపోతుండె. "ఆయన కాడికి పోయినోళ్లు పదిట్ల ఎనిమిది మంది బతికిన్రు" అని ఊరంత చెప్తరు. ఆ మాట అబద్ధం అని నేను అనను, బతికే ఉంటరు. అయినా మంత్రం పని చేసిందని ఆ మాట తోని తేలదు, ఎందుకో జర ఓపికగ చూడున్రి.

ఒక తెల్ల కాయితం తీస్కోని నాలుగు గళ్లు గీయున్రి. పైన ఎడమ దిక్కు: మంత్రానికి పోయిన్రు, బతికిన్రు. కుడి దిక్కు: మంత్రానికి పోయిన్రు, చచ్చిపోయిన్రు. కింద ఎడమ: పోలేదు, బతికిన్రు. కింద కుడి: పోలేదు, చచ్చిపోయిన్రు. ఊరోళ్లు చెప్పేది పైన ఎడమ గడి ఒక్కటే. కింద గళ్లు నింపితె ఏం తెలుస్తది? విషం లేని పాము కరిస్తె మంత్రం ఏసినా బతుకుతరు, ఏయకున్నా బతుకుతరు. విషమున్న పాము గూడ ఒక్కోసారి కాటేసి విషం ఇడువదు, ఆ మనిషీ బతుకుతడు. అంటె ఏం చేయకుంట ఇంట్ల కూసున్నా చానామంది బతికేటోళ్లే, ఆ బతికినోళ్లందరు మంత్రం ఖాతాల పడ్డరు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగిట్ల ఏదన్నా నిజంగ విషం ఎక్కిస్తె దానికి పనిచేసేది దవాఖానల ఇచ్చే యాంటీ వీనమ్, అంటె విషానికి విరుగుడు మందు, ఒక్కటే, మన దేశంల దొరికే మందు ఈ నాలుగిటికీ కలిపి తయారు చేసిందే. కట్లపాము కాటు అయితె నిద్రల తెలువను గూడ తెలువదు, పెద్ద నొప్పి ఉండది, పొద్దటికల్ల రెప్పలు వాలిపోతయి. మంత్రం కాడ పోయే గంట ఆ మనిషికి చానా పెద్ద గంట. కాబట్టి కోసుడు, గట్టిగ తాడు కట్టుడు, చెట్ల మందు పోసుడు ఏం చేయకుంట, కరిచిన కాలో చెయ్యో కదలకుంట పెట్టి 108కి ఫోన్ చేయున్రి, లేకుంటె దొరికిన బండి మీద దవాఖానకు తీస్కపోన్రి.

ఈ నాలుగు గళ్లు పాముకే కాదు. తాయత్తు కడితె జరం తగ్గింది, ఆ ముహూర్తం పెట్టిస్తె పెండ్లి నిలబడ్డది, ఆ సిరప్ తాగితె జలుబు పోయింది, అన్నిటికీ గీయొచ్చు. జలుబు వారం పది దినాల్ల దానంతటదే పోతది. కింద రెండు గళ్లు ఖాళీగుంటె మన దగ్గర ఉన్నది సగం కథనే.

తిప్పి చదవొద్దు

న్యాయశాస్త్రం, అంటె కోర్టు చట్టం కాదు, పాత తర్కశాస్త్రం, అది చదివినోళ్లు వందల ఏండ్ల నుంచి చెప్పే ఉదాహరణ ఒకటుంది, గుట్ట మీద పొగ కనబడ్డది, కాబట్టి ఆడ నిప్పుంది, ఎట్ల తెలుసు అంటె వంటింట్ల దినాం చూస్తున్నం కాబట్టి. పొగ ఉన్న ప్రతి దగ్గర నిప్పుండే ఈ సంబంధాన్ని వాళ్లు వ్యాప్తి అన్నరు. ఆడికే ఆపలే, ఎంటనే ఇంకో ప్రశ్న అడిగిన్రు, తిప్పితె నిలబడతదా? నిప్పున్న కాడల్ల పొగ ఉంటదా? ఉండది. కమ్మరాయన కొలిమిల నుంచి తీసిన ఇనుప ముద్ద ఎర్రగ కణకణ మండుతది, పొగ రాదు. పొగ రావాలంటె నిప్పు తోని పాటు పచ్చి కట్టె ఉండాలె. ఆ పచ్చికట్టె లెక్క మనకు కనబడకుంట నడుమల దూరే షరతును వాళ్లు ఉపాధి అన్నరు. మస్తు మంచి మాట అది, మన బడి పుస్తకాలల్ల ఇంకింత గట్టిగ చెప్పాల్సింది అని నాకు ఎప్పటికీ అనిపిస్తది.

మనం దినాం తిప్పి చదువుతం. "ర్యాంకులొచ్చినోళ్లల్ల చానామంది ఆ సెంటర్ల చదివినోళ్లే" అన్నది నిజమైనా "ఆ సెంటర్ల చదివితె ర్యాంకొస్తది" అని కాదు. "దొంగతనం చేసి దొరికినోళ్లల్ల తాగేటోళ్లు ఎక్కువ" అంటె "తాగేటోళ్లు దొంగలు" అని కాదు.

మనుషుల కాడికి వచ్చేసరికి

ఈడ నాకు జర ఎక్కువ చెప్పాల్సి ఉంది. మిర్చి బస్తాను తప్పుగ అంచనా ఏస్తె పైసలు పోతయి, మనిషిని తప్పుగ అంచనా ఏస్తె ఆ మనిషికి అది తగులుతది, వాడు దాన్ని మోసుకుంట తిరుగుతడు.

నేను పీజీ చేసేటప్పుడు రూమ్ కోసం హన్మకొండల గల్లీ గల్లీ తిరిగిన. "బ్యాచిలర్లకు ఇయ్యం" అని బోర్డు, బోర్డు లేని కాడ ముఖం చూడంగనే "ఫ్యామిలీకే బాబూ" అని తలుపు. ఒక ఇంటామె మాత్రం కూసోమని మంచినీళ్లిచ్చి సంగతి చెప్పింది, ముందటి పిల్లలు తాగి లొల్లి చేసి నల్లాలు ఇరగ్గొట్టి రెండు నెలల కిరాయి ఎగ్గొట్టి పోయిన్రట. ఆమె చెప్పింది నిజం, ఆమె భయం గూడ నిజం, నేను కాదనలే. "అమ్మా, నేను ముందు ఉన్న ఇంటాయన నంబర్ ఇస్త, ఒక్కసారి ఫోన్ చేసి అడుగున్రి" అన్న. చేసింది, ఐదు నిమిషాలు మాట్లాడింది, ఇల్లిచ్చింది. మూడేండ్లున్న. మనిషి గురించి ఏం తెలువనప్పుడు గుంపు మీద ఉన్న అంచనా పట్టుకునుడు సహజం, కాని ఆ మనిషి సంగతే తెలుసుకునే తొవ్వ ఒక ఫోన్ అంత దూరంల ఉన్నప్పుడు అంచనాను పక్కకు పెట్టాలె. మీరు కిరాయికి ఇచ్చేటోళ్లయినా, పనిల పెట్టుకునేటోళ్లయినా, పిల్లకు సంబంధం చూసేటోళ్లయినా ఇదే వాడున్రి.

మన యాస సంగతి తీస్కోన్రి. చానా ఏండ్లు సినిమాలల్ల మన తీరు మాట్లాడేది రౌడీనో, నవ్వులాట వేషమో. దాన్నే చూసి పెరిగినోళ్లు మనం నోరు తెరవంగనే "వీడు మొరటోడు" అని ముందే అనుకుందురు. కాలేజీల వైవా టైమ్‌ల "పోయిన" అనాల్నా "వెళ్లాను" అనాల్నా అని నోట్లనే ఆగిపోయిన పిల్లలను నేను చూసిన, జవాబు తెలిసి గూడ చెప్పలేకపోయిన్రు, మార్కులు పోయినయి, చూసినోళ్లు "ఆ దిక్కు పిల్లలకు సబ్జెక్టు రాదు" అని రాసుకున్నరు. చూసిన్రా, మాట అన్నందుకే ఆ మాట నిజమైనట్టు కనబడ్డది. బియ్యానికి మన మాట ఇనబడది, మనిషికి ఇనబడతది, అదే తేడా. సర్కారు బడి సంగతి గూడ గంతే, "ఆడ చదువు రాదు" అన్నరు, ఫీజు కట్టగలిగినోళ్లందరు పిల్లలను తీసేసిన్రు, పిల్లలు తగ్గిన్రని సార్లు తగ్గిన్రు, సార్లు తగ్గిన్రని చదువు తగ్గింది, ఇప్పుడు "మేం ముందే చెప్పినం గద" అంటరు. అయినా మంచిగ నడిచే సర్కారు బళ్లు ఉన్నయి, మీ మండలంల ఏది నడుస్తుందో పోయి ఒక పూట కూసొని చూడున్రి, పిల్లల నోట్‌బుక్కులు తిప్పి చూడున్రి, "సర్కారు బడి" అన్న ఒక్క పేరు చూసి ఆగిపోకున్రి.

ఇట్ల మనుషుల మీద మాట అనేటప్పుడు నేను పాటించేది ఒకటే, నేను చూసింది ఎంతనో అంత వరకే చెప్త. "ఆ ఊరోళ్లు మోసగాళ్లు" అనను, "ఆ ఊరోళ్లతోని నేను రెండుసార్లు బేరం చేసిన, రెండుసార్లు పైసలు ఆలస్యంగ ఇచ్చిన్రు" అంట. పొడుగు వాక్యమే, కాని ఇన్నోళ్లకు అసలు సంగతి దొరుకుతది. కులం పేరు తోని, మతం పేరు తోని మొదలయ్యే వాక్యాలైతె నేను సగంల ఆపేస్త, ఎందుకంటె అండ్ల ఏ ఒక్కటి గుండిగను కలిపి తీసింది కాదు, తాతల నుంచి చేతులు మారుకుంట వచ్చిన మెతుకే.

తప్పిపోయింది దొరికితె పారేయొద్దు

"ఎర్రగుంటె కారం" అని మనకు చిన్నప్పటి సంది తెలుసు. మరి మన వరంగల్ చపాటా మిర్చి? ఎర్రటి ఎరుపు, టమాట మిర్చి అని గూడ అంటరు చూసేటందుకు అట్లనే లావుగ బుర్రగ ఉంటది, రంగుల దాన్ని కొట్టేది లేదు, కారం మాత్రం తక్కువ. 2025ల దానికి జీఐ గుర్తింపు, అంటె ఇది ఈ ప్రాంతపు సరుకే అని ఇచ్చే గుర్తింపు, గూడ వచ్చింది. తేజ కాయ సన్నగుంటది, నోట్లె పెడితె కండ్లల్ల నీళ్లొస్తయి. ఎందుకంటె రంగునిచ్చే పదార్థం వేరు, కారం ఇచ్చే క్యాప్సైసిన్ వేరు, ఆ క్యాప్సైసిన్ లోపట గింజలు అంటుకొని ఉండే తెల్లటి ఈనెల తయారైతది. రెండూ ఒకే కాయల ఉంటయి కాబట్టి ఒకదాన్ని చూసి ఇంకోటి చెప్పుడు అలవాటైంది. చపాటా కనబడంగనే "ఎర్రగుంటె కారం అన్నది ఒట్టి మాట" అని పారేయొద్దు, "పచ్చడికి రంగు కావాల్నంటె ఇది, కారం కావాల్నంటె అది" అని మాటను రెండుగ కోయాలె.

రామప్పల ఇంకా మంచి ఉదాహరణ ఉంది. 1213ల కట్టిన గుడి, 2021ల యునెస్కో వాళ్లు ప్రపంచ వారసత్వ జాబితాల పెట్టిన్రు. దాని గోపురానికి వాడిన ఇటుకలు నీళ్లల్ల ఏస్తె తేలుతయి. ఇటుక మునుగుతది అన్నది మనందరికీ తెలిసిన ముచ్చట, మరి ఇదేంది అంటె, ఇటుక ఇటుక కాబట్టి మునగలే ఎన్నడూ, నీళ్లకంటె బరువు కాబట్టి మునిగింది. రామప్ప ఇటుకల నిండ సన్న సన్న రంధ్రాలు, గాలి, నీళ్లకంటె తేలిక. అంటె మన పాత మాట పేరు మీద నిలబడ్డది, తేలే ఇటుక వచ్చి కారణం చూపిచ్చింది. మీ అంచనాకు లొంగనిది ఒకటి ఎదురైతె కోపం తెచ్చుకోకున్రి, దాన్ని చేతుల పట్టుకొని అటిటు తిప్పి చూడున్రి, మామూలుగ దొరకని కారణం అండ్లనే ఉంటది.

మా బాపు చానా ఏండ్లు మృగశిర కార్తె ఎల్లంగనే, అంటె జూన్ 7, 8 దాటినంక మొదటి వాన పడితె పత్తి గింజలు పెట్టేటోడు. వాళ్ల బాపు అట్ల చేసిండు, చానాసార్లు సక్కగనే మొలిసింది. తర్వాత ఒక ఏడు వాన ఒక్కటి పడి పది దినాలు మొఖం చాటేసింది, గింజలు మట్టిలనే మాడినయి, మళ్ల పాకెట్లు కొనాల్సి వచ్చింది. వ్యవసాయ శాఖ సార్లు వచ్చి 60, 70 మిల్లీమీటర్ల వాన పడి భూమి లోపటికి తడిసినంకనే పెట్టమని చెప్పిపోయిన్రు. కార్తె తప్పని బాపు అనుకోలే, మొలక రావడానికి కావాల్సింది పంచాంగంల తారీఖు కాదు, మట్టిల పదను అని మాట మార్చుకున్నడు. పోయిన ఏడు మొదటి రెండు వానలు పడినంక నేను ఊర్లనే ఉన్న. పొద్దుగాల ఇద్దరం చేనుకు పోయినం, బాపు చిన్న గడ్డపార తీస్కొని ఒక మూలకు జానెడు లోతు తవ్వి మట్టి పిడికిట్ల ముద్ద చేసి చూసిండు, తర్వాత ఇంకో మూల, తర్వాత నడుమ, తర్వాత ఒడ్డు పొంటి. రేగడి దిక్కు ముద్ద గట్టిగ నిలబడ్డది. చెలక దిక్కు రెండెకరాలల్ల పైన పదనుంది గాని లోపట ఇంకా పొడి పొడిగ రాలింది. "ఆ దిక్కు పెడదాం, ఈ రెండెకరాలు ఇంకో వానకు" అని గడ్డపార భుజం మీద ఏస్కొని కూలోళ్లకు ఫోన్ చేసుకుంట ఇంటి తొవ్వ పట్టిండు.